క్యాసెట్లకు కలుపు తీసిన వారం

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. చర్చిలో అడుగుపెట్టేటప్పుడు కూడా మనుషుల్లో అంత భయభక్తులు నేను చూడలేదు. అమలాపురంలో మా లైబ్రరీకి నాలుగు కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటికి పూలగుడ్డతో ముసుగులు కుట్టించారు, గదికి చల్లమిషను పెట్టించారు, గుమ్మం పక్కన "పాదరక్షలు ఇక్కడే విడువవలెను" అని ఒక అట్ట వేలాడదీశారు. ఆ అట్ట కింద స్టూలు వేసుకుని కూర్చుని, ఒకరి చెప్పులు ఇంకొకరు తొడుక్కుపోకుండా చూడడం నా ఉద్యోగంలో ఒక భాగం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఇప్పుడు నా మనవరాలు చేపల పులుసు తిన్న చేత్తోనే ఫోను గీకుతుంటే, అది ఆ నాలుగు కంప్యూటర్ల కంటే పెద్ద కంప్యూటరని చెబుతుంటే, సరేనని ఊరుకుంటున్నాను. కానీ ఆ గదిలో నాకు జరిగిన అన్యాయం తలుచుకుంటే మాత్రం ఊరుకోలేను. వయసు మీద పడేకొద్దీ కోపాలు చల్లారతాయంటారు. నాది చల్లారలేదు. రాస్తే అయినా తగ్గుతుందేమో చూద్దామని మొదలుపెట్టాను.

నా సంగతి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఉప్పలగుప్తం అవతల మా ఊళ్ళో పెళ్ళయ్యేదాకా నేనెరిగిన పనులు రెండే, ఊడ్పులూ కలుపూ. పలక పట్టింది లేదు. పెళ్ళయి అమలాపురం వచ్చి, పిల్లలిద్దరూ బడికి పోతున్నా కూడా, బస్సు మీద రాసిన ఊరి పేరు నాకు ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే. ముప్పై నాలుగో ఏట, మా చర్చి వరండాలో మధ్యాహ్నం పూట పాస్టరమ్మ గారు ఆడవాళ్ళకు అక్షరాలు చెబుతుంటే, సిగ్గుపడుతూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. (వెనక కూర్చున్నా సిగ్గు తగ్గలేదు. నా ముందు వరసలో కూర్చున్నది మా అత్తగారు.) రెండేళ్ళకు చదవడం వచ్చింది. వచ్చిందంటే, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరానికీ లోపల గుణింతం చెప్పుకుని, అన్నిటినీ కూడగట్టి ఒక మాటగా బయటికి లాగడం వచ్చింది. ఆ చదువు చూసే నన్ను లైబ్రరీలో తుడుపు పనికి పెట్టుకున్నారు. నేను దుమ్ము దులుపుతూ పుస్తకాల పేర్లు పైకి చదవడం విని లైబ్రేరియన్ గారు నాకు 'గుణింతం' అని పేరు పెట్టారు. మనిషి మంచివారే. ఆయనలో ఉన్న లోపమల్లా ఎవరేం చెప్పినా "ఆయ్" అనడం. (మా వైపు "ఆయ్" అంటే అవునని పై ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. నిజానికి దానికి, తమరు చెబుతున్నారు, నేను వింటున్నాను, మొహం మీద కాదనేటంత మొరటువాణ్ణి కాను అని అర్థం. అవునో కాదో తర్వాత తీరిగ్గా చూసుకుంటాం.)

ఆ లైబ్రరీలో రెండు రేకు పెట్టెల నిండా క్యాసెట్లుండేవి. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన ఒకాయన, భుజాన టేప్‌రికార్డరు తగిలించుకుని సైకిలు మీద ఊరూరా తిరిగి, ఊడ్పు పాటలు, దంపుడు పాటలు, జోలపాటలు, ఏది వినపడితే అది అందులోకి పట్టుకునేవారు. అందరూ టేపు మాస్టారనేవారు. ఆయన పోయాక ఆయన భార్య ఆ పెట్టెలు లైబ్రరీకి ఇచ్చేశారు. ఎవరు పెట్టారో గానీ, లైబ్రరీ వార్షికోత్సవాల ప్రసంగాలు ఎక్కించిన క్యాసెట్లు కూడా వాటిలోనే వచ్చి చేరాయి. ఆ టేపు మాస్టారు మా చేలోకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పద్నాలుగేళ్ళుంటాయేమో. మా మేనత్త ఊడ్పుల జట్టుకు మేస్త్రమ్మ, పాటకూ ఆవిడే పెద్ద. ఆవిడ ఎత్తుకుంటే ఇరవై మందిమీ అందుకోవాలి. వంచిన నడుము ఎత్తకుండానే అప్పటికప్పుడు మాటలు కట్టేసేది. కామందు మీద కట్టేది, కామందు గొడుగు మీద కట్టేది, ఆలస్యంగా వచ్చిన అంబలి కుండ మీద కూడా కట్టేది. నేను లైబ్రరీలో చేరేనాటికి ఆవిడ పోయి రెండేళ్ళు. ఫొటో ఒక్కటీ లేదు. కూలికెళ్ళే మనిషికి ఫొటో తీయించాలని ఎవరికి తోస్తుంది? ఈ భూమ్మీద మా మేనత్త ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే అది ఆ రేకు పెట్టెలోనే.

ఆ క్యాసెట్టు ఏదో కనిపెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. టేపు మాస్టారిది గొలుసుకట్టు రాత. నేను నేర్చుకున్నది విడివిడిగా, బుద్ధిగా కూర్చున్న అక్షరాలు. ఆయన అక్షరాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పరుగెత్తుతుంటాయి. దులపనక్కరలేని దుమ్ము దులుపుతూ రోజుకో అట్ట చదివి, చివరికి ఒకనాడు "ఊడ్పు పాటలు - 3. ఉప్పలగుప్తం దగ్గర" అన్నది బయటికి లాగాను. వాయించి విందామంటే లైబ్రరీలో మిషను లేదు. ఇంటికి తీసుకెళతానని అడిగితే, సర్కారు సొత్తు గడప దాటకూడదనీ, త్వరలో ట్రైనింగు పెట్టి వీటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారనీ, అప్పుడు కడుపు నిండా వినొచ్చనీ లైబ్రేరియన్ గారు చెప్పారు. ఆ ట్రైనింగు కోసం నేను ఎదురుచూసినంతగా ఆ ఎనిమిది మంది ట్రైనీలు కూడా చూసి ఉండరు.

సోమవారం పొద్దున్న హైదరాబాదు నుంచి ట్రైనింగు సారు నాలుగు టేపు మిషన్లతో దిగారు. రాజోలు, కొత్తపేట లైబ్రరీల వాళ్ళూ, కంప్యూటరు చదివిన ఆడపిల్లలూ కలిపి ఎనిమిది మంది వచ్చారు. పాత క్యాసెట్లూ పాత కాగితాలూ కంప్యూటర్లోకి ఎక్కించి, వందేళ్ళ తర్వాత అడిగినా తీసి ఇవ్వగలిగేలా దాచే ఉద్యోగులను తయారుచేయడం ఆ ట్రైనింగు. చెప్పుల కాపలా స్టూలు మీద కూర్చుని నేనూ అంతా విన్నాను. (ట్రైనీలు పైకి చూసి రాసుకుంటుంటే నేను కిందికి చూసి గుర్తుపెట్టుకున్నాను, అంతే తేడా.) దాచే ప్రతిదానికీ మూడు కాపీలుండాలన్నారు సారు. ఒకటి ఈ గదిలో, ఒకటి ఇంకో గదిలో, మూడోది అసలు ఈ కప్పు కిందే ఉండకూడదు. ఈ ఇల్లు తుఫానులో మునిగినా మూడోది బతకాలి. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా వైపు విత్తనాల వడ్లు కూడా అంతే, కొన్ని తప్పకుండా చుట్టాలింట్లో పెట్టి ఉంచుతాం. ప్రతిదానికీ ఒక ఫారం నింపాలన్నారు, ఎవరు పాడారు, ఎక్కడ, ఎప్పుడు అని. ఫారంలో ఉన్నది ఉన్నట్టే కంప్యూటర్లోకి ఎక్కించాలట, సొంత తెలివి కలపకూడదట. అదీ నచ్చింది.

నచ్చనిది ఆ సాయంత్రమే మొదలైంది. సారు ఒక క్యాసెట్టు తీసి, వెనకవైపు రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను స్క్రూడ్రైవరుతో టక్కుమని విరగ్గొట్టారు. ముందు చేయాల్సింది ఇదీ అన్నారు. ఎందుకో కూడా చెప్పే ఉంటారు, ఆ సమయంలో ఎవరో పోస్టుమనిషి వస్తే చెప్పులు విప్పించడానికి లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎనిమిది మందీ నేర్చుకోవడానికి తలా ఒకటి తీసుకుని టక్కుటక్కుమని విరగ్గొడుతున్నారు. దాచడానికి వచ్చిన మనిషి విరగ్గొట్టడంతో మొదలుపెట్టడమేమిటని నాకు కళ్ళు తిరిగాయి. సారు మధ్య మధ్యలో "అర్థమైందాండీ" అంటున్నారు, వీళ్ళు "ఆయ్" అంటున్నారు. ఇంత చురుకైన జట్టు తనకు ఏ జిల్లాలోనూ తగల్లేదని మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన లైబ్రేరియన్ గారితో అన్నారు. లైబ్రేరియన్ గారు దానికీ "ఆయ్" అన్నారు.

అసలు ఘోరం బుధవారం జరిగింది. ఉన్న క్యాసెట్లు వందల్లో, ఉన్న రోజులు మూడు. అన్నీ ఎక్కించడం కుదరదు గనుక ముందు ఏరి పారేయాలన్నారు సారు. "దీన్ని మా పనిలో వీడింగ్ అంటారు. అంటే కలుపు తీయడమే. మీరంతా కోనసీమవాళ్ళు, పైరు బాగుండాలంటే కలుపు తీయాలని మీకు నేను చెప్పాలా?" అన్నారు. ఎనిమిది మందీ "ఆయ్" అన్నారు. ఆ ఎనిమిది మంది గోళ్ళలో ఒక్కరి గోరుకైనా బురద అంటిన ఆనవాలు లేదు. తర్వాత ఆయన సూత్రాలు చెప్పారు. ఒకే పేరుతో రెండు మూడు క్యాసెట్లుంటే మొదటిది ఉంచి మిగతావి తీసేయాలి. అట్ట చూసి గాలీ, గోలా ఎక్కువుంటాయనిపిస్తే తీసేయాలి. పాడినవారి పేరు రాసి లేకపోతే తీసేయాలి. మా మేనత్త క్యాసెట్టు మూడోది. చేలో ఎక్కించిన పాట, గోల లేకుండా ఎలా ఉంటుంది? ఇక పేరంటారా, కూలి మనుషుల పేర్లు అడిగి రాసుకునే అలవాటు టేపు మాస్టారికి కూడా లేకపోయింది.

సాయంత్రానికి ఒక అట్టపెట్టె నిండింది. ఊడ్పు పాటలు రెండూ మూడూ అందులోనే పడ్డాయి, మొదటిదాని మీద టేపు మాస్టారు తన పేరే రాసుకోబట్టి అది మిగిలింది. వార్షికోత్సవాల ప్రసంగాలు మాత్రం ఒక్కటీ పోలేదు. ప్రతిదాని మీదా సంవత్సరం వేరు, మాట్లాడినవారి పేరుంది, మైకులో మాట్లాడారు గనుక గోల లేదు. సారు అట్టపెట్టెను నావైపు జరిపి, బయట పారేయించమన్నారు. నేను కదల్లేదు.

"తమరెప్పుడైనా కలుపు తీసేరా అండీ?" అన్నాను.

సారు నన్ను మొదటిసారి చూసినట్టు చూశారు. అప్పటికి మూడు రోజులుగా ఆయన చెప్పులు కాస్తున్నది నేనే.

"చేలో వరీ ఊదా ఒక్కలాగే ఉంటాయండీ. నిలబడి చూస్తే తెలీదు. వంగి, ఆకు కాండాన్ని పట్టుకున్న చోట వేలు పెట్టి చూడాలి. సన్నగా చెవుల్లాంటివి ఉంటే వరి, లేకపోతే ఊద. చూడకుండా పీకితే వరి గట్టు మీదకి పోద్ది, ఊద చేలో పండుద్ది. అలా పీకినదాన్ని మా మేనత్త చేలోంచి లేపేసేది. పెద్ద పనేం కాదండీ, ఒక్కోటీ కొంచెం వాయించి చూడండి."

ట్రైనీల్లో రాజోలు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సారుకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఆయన నవ్వి, చంటిపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, "ఒక్కొక్కటీ వింటూ కూర్చుంటే ఏడాది పడుతుందమ్మా. ఇది చదువుకున్నవాళ్ళు చేసే పని. నీకు తెలియదులే" అన్నారు. నా చేతిలోని పలక ఎవరో లాగి పారేసినట్టయింది. ముప్పై నాలుగో ఏట అత్తగారి వెనక కూర్చుని 'క' దగ్గర నుంచి దిద్దింది ఈ మాట వినడానికేనా అనిపించింది. లైబ్రేరియన్ గారు "గుణింతం, ఊరుకోమ్మా, పెద్దలు మాట్లాడుతున్నారు" అన్నారు. సారు ఆయనవైపు తిరిగి, మరి పారేద్దామా అని అడిగారు. ఆయన నావైపు ఒకసారి, అట్టపెట్టెవైపు ఒకసారి చూసి "ఆయ్" అన్నారు.

పారేయమన్నారు గనుక తీసుకెళ్ళాను. అయితే చెత్తకుండీ దాకా వెళ్ళి, ఆగి, కొంగు కప్పి, అట్టపెట్టె నడుమున పెట్టుకుని తిన్నగా ఇంటికి నడిచాను. నా బతుకులో అదే మొదటి దొంగతనం. అటక మీద కొబ్బరి చిప్పల బస్తా వెనక దాచాను. ఇంట్లో టేప్‌రికార్డరు ఉంది, వినొచ్చు కదా అంటారేమో. మా మేనత్త గొంతు సామాన్యమైంది కాదు. అది వాయిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది, వీధిలో సగం మంది మా ఊరివాళ్ళే, మర్నాటికి సంగతి లైబ్రరీకి చేరుతుంది. సారు రైలెక్కేదాకా ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. (మా ఆయన కొబ్బరికాయలు ఒలిచే పని చేసేవారు, ఆదివారాలు చర్చిలో పాడేవారు. రహస్యం దాచడం ఆయనకు చేతకాదు. రాగం కూడా, ఆ మాటకొస్తే.) గురు, శుక్రవారాలు నేను గదిలో చెప్పుల దగ్గర కూర్చుని వాళ్ళు చేసే పని చూస్తూ లోపల ఉడికిపోయాను. క్యాసెట్లు తిరుగుతున్నాయి, కానీ ఒక్కరూ వినడం లేదు. నాలుగూ ఒకేసారి మోగితే గోలని శబ్దం తగ్గించేసి, తెర మీద గీతలు లేస్తున్నాయా లేదా అని చూసుకుంటున్నారు. పాటను కళ్ళతో వినే మనుషులను అక్కడే చూశాను.

శనివారం మధ్యాహ్నం ట్రైనింగు ముగింపుకు జిల్లా నుంచి ఆఫీసరమ్మ గారు వచ్చారు. చెప్పులు తనే వరసగా సర్ది పెట్టి లోపలికి వెళ్ళారు, అప్పుడే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. తెర మీద పేర్ల పట్టిక చూసి, ఇదంతా ప్రసంగాలే కదా, టేపు మాస్టారు పల్లెల్లో పట్టిన పాటలని విని వచ్చాను, అవేవి అని అడిగారు. సారు ఉత్సాహంగా ఊడ్పు పాటలు ఉన్నాయన్నారు. రాజోలు అమ్మాయి నొక్కింది. పెద్ద స్పీకర్లలోంచి గరగరమని చప్పుడు వచ్చి, టేపు మాస్టారి గొంతు పలికింది. "ఒన్, టూ, త్రీ. ఏమోయ్, పడుతోందంటావా?" తర్వాత చాలాసేపు గరగర. తర్వాత దూరం నుంచి ఒక ఆడగొంతు, "ఆ డబ్బా తర్వాత చూద్దురుగాని, ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది." తర్వాత మళ్ళీ ఒన్, టూ, త్రీ. మొదటి క్యాసెట్టు ఆయన ఇంట్లో మిషను పరీక్షించుకోవడానికి వాడుకున్నారన్నమాట. చివరిదాకా అంతే. ఆ కాఫీకి వీళ్ళు మూడు కాపీలు తీసి మూడు చోట్ల భద్రం చేశారు.

ఆఫీసరమ్మ గారు తెర మీంచి సారువైపు తిరిగారు. సారు మొహం పాలిపోయింది. రెండూ మూడూ ఏవని ఆయన ట్రైనీలను అడిగారు, ట్రైనీలు లైబ్రేరియన్ గారిని చూశారు.

"తమరు పారేయించేసేరు కదండీ" అన్నారు లైబ్రేరియన్ గారు.

"మిమ్మల్ని అడిగాను కదండీ. ఆయ్ అన్నారు."

"వింటున్నానని అన్నానండీ. పారేయమని కాదు."

ఆ మాట సారుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఆయన ఎనిమిది మంది మొహాలూ ఒక్కొక్కటిగా చూశారు. వారం రోజులుగా తను విన్న "ఆయ్"లన్నీ లెక్కేసుకుంటున్నారని నాకు తెలిసింది. చివరికి గుమ్మం దగ్గరికి వచ్చి, నా స్టూలు మీద కూలబడి, అట్టపెట్టె ఏం చేశావమ్మా అని అడిగారు. తమరే పారేయమన్నారు కదండీ అన్నాను. ఇంకేమీ చెప్పకుండా చెప్పుల జతలు సర్దాను. ఒక జత, రెండు జతలు, మూడు జతలు. (అది పాపమని తెలుసు. అయినా ఆ మూడు జతలు సర్దినంతసేపు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ జీడిపాకంలా నాలుకకు అంటుకుని ఉంది.) నాలుగో జత దగ్గర ఆయన మొహం చూసి జాలేసింది.

"మూడో కాపీ వేరే కప్పు కింద ఉండాలని తమరే చెప్పేరు కదండీ. వీటికి మొదటి రెండూ లేవు గనక, ఆ మూడోదాన్ని మా అటక మీద పెట్టేను."

రాజోలు అమ్మాయి నన్ను తన లూనా మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది. పావుగంటలో అట్టపెట్టె తెచ్చి ఆఫీసరమ్మ గారి ముందు పెట్టాం. మూడో నంబరు క్యాసెట్టు తీసి ఇచ్చే ముందు నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. చదువు అనేది చూడ్డానికి కాదండీ, వినడానికి అని మొదలుపెట్టి, వరీ ఊదా పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఎవరి చేతుల్లోనైనా పాడవుతుంది గానీ నా చేతుల్లో మాత్రం పదిలంగా ఉందన్నాను. అప్పుడు మిషను తిరిగింది.

ముందు ఒక దగ్గు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. పదిహేడేళ్ళుగా తెలుసు. తర్వాత "హలో, హలో. ఎక్కుతోందేంట్రా? సరే, కానీండి" అని మా ఆయన, ఆ వెంటనే డోలక్కు, ఆపైన ఆదివారానికి సాధకం చేస్తున్న చర్చి పాట. కంఠం బండి ఇరుసులా ఉంది. పక్కవాళ్ళు రాగాన్ని ఒకవైపు లాగుతుంటే ఆయన ఇంకోవైపు లాగుతున్నారు. నేను పనిలో ఉండగా ఖాళీ క్యాసెట్టు కోసం అటక మీద వెతికి, వేసి చూసి, గాలీ గోలే ఉందని, దాని మీద ఎక్కించేశారట. (ఆ సంగతి ఇంటికెళ్ళాక తెలిసింది. "ఎవరో ఆడోళ్ళు అరుత్తున్నారే, పాట కాదనుకున్నాను" అన్నారు. ఆ రోజు ఆయన భోజనం సంగతి ఇక్కడ రాయను.) ఆరు నిమిషాలు పాడారు. ఆ ఆరు నిమిషాలు నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. సారు మాత్రం అదే పెట్టెలోంచి ఇంకో క్యాసెట్టు తీసి, వెనకవైపు తిప్పి, విరవకుండా ఉన్న రెండు చిన్న బిళ్ళలు చూపించారు. "ఇవి విరిచేస్తే ఇంక దీనిమీద ఎవరూ ఏమీ ఎక్కించలేరమ్మా. అందుకే ముందు విరవమన్నది. పారేసేవే కదాని వీటికి విరవలేదు" అన్నారు, మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. మా మేనత్తను ఆరు నిమిషాల మేర పీకి గట్టు మీద వేసింది సారు కాదు. నేనే.

అప్పుడు టక్కుమంది. మా ఆయన ఆగిపోయారు. గాలి వచ్చింది, నీళ్ళలో కాళ్ళ చప్పుడు వచ్చింది, వాటిని చీల్చుకుని మా మేనత్త వచ్చింది.

"పెట్టె తెచ్చేరమ్మా మాస్టారు,
పాట పట్టుకెళతారు మాస్టారు,
గొంతులెండిపోయాయి మాస్టారు,
మజ్జిగెవరు పోస్తారు మాస్టారు?"

ఇరవై గొంతులు అందుకున్నాయి. ఒకచోట ఒక పిల్ల పగలబడి నవ్వింది. పాట ఆపకుండానే మా మేనత్త, "నవ్వకే, నీ పళ్ళు కూడా పెట్టెలో పడతాయి" అంది. ఆ పిల్లను నేనే. ఆఫీసరమ్మ గారు ముందుకు వంగి, చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నారు. పాట అయ్యాక సారు తల దించుకునే, ఈ అట్టపెట్టెలోవి ఒక్కటి కూడా వినకుండా వదలబోమని ఆవిడకు చెప్పారు. రైలు టిక్కెట్టు మార్చుకుని ఇంకో పదిరోజులు ఉండి, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. మా ఆయన పాట చెరిపేయండి బాబూ అని నేను బతిమాలాను. కుదరదన్నారు. పైన ఏం పడిందో కూడా అలాగే ఉండాలట, అదీ ఆ క్యాసెట్టు కథేనట. ఆ విధంగా మా ఆయన రాగం వందేళ్ళకు భద్రమైంది.

తర్వాత ఫారం నా ముందు పెట్టారు. సారే కలం ఇచ్చారు. ఎక్కడ, రాశాను. ఏ పని చేస్తూ పాడారు, రాశాను. పాడినవారి పేరు దగ్గర కలం ఆగిపోయింది. మా నాన్న 'అప్పా' అనేవాడు. మా అమ్మ 'వదినే' అనేది. ఊరు మేస్త్రమ్మ అనేది. నాకు మేనత్త. ఆవిడకు ఒక పేరుంటుందని, అది అడిగి తెలుసుకోవాలని నాకు ఒక్కనాడూ తట్టలేదు. టేపు మాస్టారు రాసుకోలేదని నాలుగు రోజులు ఆడిపోసుకున్నదాన్ని. అందరూ చూస్తుండగా, ఆ గడిలో తెలిసిందే రాశాను. దాన్ని రాజోలు అమ్మాయి కంప్యూటర్లోకి కొట్టింది. తర్వాత వాకబు చేస్తే మా ఊళ్ళో ముగ్గురు మూడు పేర్లు చెప్పారు, మూడూ నమ్మకంగానే.

నేను పని మానేసి కొన్నేళ్ళయింది. ఈమధ్య లైబ్రరీకి కొత్తగా వచ్చిన కుర్ర లైబ్రేరియన్ ఫోన్ చేశాడు. ఎవరో ఊడ్పు పాటల మీద పరిశోధన చేసేవాళ్ళు వచ్చి, నేను అందరికీ చెప్పుకునేట్టే 'మా మేనత్త' అని వెతికితే కంప్యూటరు అలాంటిదేదీ లేదందట. చివరికి ఉప్పలగుప్తం అని కొడితే దొరికింది. చూస్తే, పాడినవారి పేరు దగ్గర 'మా మేనత' అని ఉంది, 'త'కు ఒత్తు లేదు. రాసిన ఫారం తీసి చూస్తే అందులోనూ లేదు. "ఫారంలో ఎలా ఉందో అలాగే ఎక్కించేరండీ. ఇప్పుడు ఒత్తు పెట్టేయమంటారా?" అని అడిగాడు.

ముందు నాకు ఒళ్ళు మండింది, ఆ రాసిన ఆవిడ మీద. ఎనిమిది మందికీ ఒక హైదరాబాదు సారుకూ చదువంటే ఏమిటో పాఠం చెప్పిన మనిషి, సొంత మేనత్తకు ఒక ఒత్తు పెట్టలేకపోయింది. తర్వాత ఆవిడ కళ్ళ ముందు కనిపించింది. ముప్పై ఏడేళ్ళ ఆడమనిషి, ఆఫీసరమ్మ గారి కుర్చీలో అంచున కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, చేతికి చెమట పట్టి కలం జారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, నాలుగే అక్షరాలు రాయడానికి అంతసేపు వంగి ఉన్న మనిషి. ఆ రాతను ఇప్పుడు నేను దిద్దడమేమిటి? దిద్దొద్దు, అలాగే ఉండనీయమన్నాను. మరి వెతికేవాళ్ళకు దొరకదు కదండీ అన్నాడతను. దొరకనివాళ్ళకు నా ఫోను నంబరు ఇమ్మని చెప్పాను. ఇప్పటికి నలుగురు చేశారు. ఒత్తు తీసేసి వెతకండి అని నలుగురికీ చెప్పాను, చెప్పి ఊరుకోక, ఆ పోయిన ఆరు నిమిషాల్లో ఏముండేదో నాకు గుర్తున్నంతవరకు పాడి కూడా వినిపించాను. నా గొంతు మా మేనత్త గొంతులో పావువంతు కూడా ఉండదు. నాలుగో ఆవిడ మాత్రం, కొంచెం ఆగండమ్మా, రికార్డు చేసుకుంటాను అంది. నేను గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.